కదిలే వేలు, కదలని వేలు: పాత వయొలిన్ రికార్డులతో నా ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

నేను వాయించిన ఒక చిన్న ముక్కను ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాను. శ్రుతి బాగానే ఉంది, లయ బాగానే ఉంది. కానీ మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా ఎడమచేతి వేలు ఒకే తీరుగా ఊగుతూనే ఉంది. పొడవైన స్వరానికీ అదే ఊపు, పక్క స్వరానికి దాటించే చిన్న స్వరానికీ అదే ఊపు. వైబ్రాటో వేస్తున్నానన్న స్పృహ కూడా నాకు లేదు. ఎప్పుడో నేర్చుకున్నాను, అది అలవాటై చేతిలో ఉండిపోయింది.

ఆ తర్వాత పాతతరం వయొలిన్ విద్వాంసుడు యోసెఫ్ యోవాహిమ్ రికార్డు పెట్టాను. 1903లో బెర్లిన్‌లో, 72 ఏళ్ళ వయసులో, మైకు లేని కాలపు రికార్డింగ్ కొమ్ము ముందు ఆయన ఐదు ముక్కలు వాయించాడు. బాఖ్‌వి రెండు, బ్రామ్స్ హంగేరియన్ డ్యాన్సులు రెండు, తను రాసుకున్న రొమాన్స్ ఒకటి. 1831లో పుట్టిన మనిషి. బ్రామ్స్ తన వయొలిన్ కన్చెర్టోను అంకితమిచ్చింది ఈయనకే. రికార్డు గరగర వెనక నుంచి వచ్చిన బాఖ్ అడాజియో (నెమ్మదిగా సాగే ముక్క) విని కాసేపు అలాగే కూర్చుండిపోయాను. చాలా చోట్ల వేలు కదలడం లేదు. కదిలిన చోట మాత్రం ఆ స్వరం మనల్ని పేరు పెట్టి పిలిచినట్టుంది.

అందుకే ఈ డైరీ. ఆ తరం వాళ్ళు వేలిని ఎక్కడ కదిపారు, ఎక్కడ ఆపారు అన్నది ఒక్కో స్వరం పట్టుకుని చూడాలి. చెవితో వినాలి, కంప్యూటర్‌లో కంటితో చూడాలి, నొటేషన్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి, చివరికి నా వయొలిన్ మీద వాయించి చూడాలి.

ముందుగా మూడు తరాల వరస ఒకటి ఎంచుకున్నాను. యోవాహిమ్ దగ్గర హానోవర్‌లో చదువుకున్నవాడు లియోపోల్డ్ ఔయర్. ఔయర్ దగ్గర సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చదువుకున్నవాడు యాషా హైఫెట్జ్. తాత, తండ్రి, మనవడు అనుకోవచ్చు. ముగ్గురివీ రికార్డులున్నాయి. వీళ్ళకు తోడు ఆ కాలపు వయొలిన్ విద్వాంసులే అయిన సరసాతే, ఈజాయి, క్రైస్లర్.

మొదటి వారం

రికార్డులు దొరకడం కష్టం కాలేదు. 1923కు ముందు విడుదలైన రికార్డులు అమెరికా చట్టం ప్రకారం 2022 జనవరి 1 నుంచి అందరి సొత్తు అయ్యాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ నేషనల్ జ్యూక్‌బాక్స్‌లో విక్టర్ కంపెనీ పాత డిస్కులు వేలకొద్దీ ఉచితంగా వినవచ్చు. చూడటానికి సోనిక్ విజువలైజర్ దించుకున్నాను. లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీలో తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. శబ్దాన్ని స్పెక్ట్రోగ్రామ్‌గా, అంటే కాలం అడ్డంగా, స్వరం ఎత్తు నిలువుగా ఉండే బొమ్మగా చూపిస్తుంది. వేలు కదలకపోతే గీత తిన్నగా ఉంటుంది. కదిలితే అల.

మొదటి తలనొప్పి వేగంతో. 78 అని పేరే కానీ ఆ రోజుల్లో డిస్కులన్నీ నిమిషానికి 78 చుట్లతో కోయలేదు. 70 చిల్లర నుంచి 80 దాటి కూడా ఉన్నాయి. 74 వేగంతో కోసిన డిస్కును 78 మీద తిప్పితే సంగీతం మొత్తం దాదాపు 90 సెంట్లు పైకి పోతుంది. (అర్ధస్వరానికి 100 సెంట్లు.) యోవాహిమ్ అడాజియో జి మైనర్‌లో ఉంది, మొదటి తీగల గుత్తిలోనే కింది ఓపెన్ జి తీగ (వేలు పెట్టకుండా వదిలిన తీగ) మోగుతుంది. నా దగ్గరున్న రెండు ట్రాన్స్‌ఫర్లలో (డిస్కు నుంచి కంప్యూటర్‌కు ఎక్కించిన కాపీల్లో) ఆ జి ఒకేచోట లేదు. ఆ కాలపు శ్రుతి కూడా ఈనాటి 440 (ఎ స్వరానికి సెకనుకు 440 కంపనాలు, అంటే 440 హెర్ట్జ్) అని ఖాయంగా అనుకోలేం. 1859లో ఫ్రాన్స్ చట్టంతో నిలబెట్టిన 435 చాలా చోట్ల వాడుకలో ఉండేది. అయితే 435కూ 440కీ తేడా 20 సెంట్లే, వేగం తప్పితే వచ్చే తేడా అంతకు నాలుగైదు రెట్లు. కాబట్టి ఓపెన్ జి తీగను 435, 440 మధ్య శ్రుతికి సరిపెట్టి వేగం దిద్దుకున్నాను.

ఈ లెక్కలో ఒక మంచి సంగతి తెలిసింది. డిస్కు వేగం తప్పితే వైబ్రాటో వేగం మారుతుంది, సెకనుకు 6 ఊపులు 6.3 అవుతాయి. కానీ ఊపు వెడల్పును సెంట్లలో కొలిస్తే అది మారదు, ఎందుకంటే పై కొసా కింది కొసా ఒకే నిష్పత్తిలో జరుగుతాయి. అంటే వెడల్పు గురించి నేను చెప్పే మాటను నమ్మవచ్చు. వేగం గురించి చెప్పేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి.

రెండో వారం

పెద్ద పొరపాటు జరిగింది. వివరంగా రాసుకుంటున్నాను.

మూడు రోజుల పాటు యోవాహిమ్ అడాజియో స్పెక్ట్రోగ్రామ్ చూసి "ఎక్కడా వైబ్రాటో లేదు" అని నోట్‌బుక్‌లో రాశాను. గీతలన్నీ తిన్నగా ఉన్నాయి. చెవికి మాత్రం రెండు మూడు చోట్ల స్వరం వణికినట్టే ఉంది. చెవి తప్పు, బొమ్మ కరెక్ట్ అనుకున్నాను. తర్వాత అనుమానం వచ్చి నేను వాయించిన ముక్కనే అదే సెట్టింగ్‌తో తెరిచాను. అందులోనూ గీతలు తిన్నగా ఉన్నాయి! నా వేలు ఊగిందని నాకు తెలుసు కదా.

తప్పు విండో సైజులో, అంటే సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి ఎంత శబ్దం ముక్కను తీసుకుని కొలుస్తుందో అందులో ఉంది. స్వరం ఎత్తు సూక్ష్మంగా కనిపించాలని దాన్ని 16384 శాంపిళ్ళకు పెంచాను. సెకనుకు 44100 శాంపిళ్ళ లెక్కన అది 0.37 సెకను. వైబ్రాటో ఒక ఊపుకు పట్టేది సుమారు 0.17 సెకను. అంటే ఒక్కో విండోలో రెండు ఊపులు ఇమిడిపోయి అల కాస్తా చదునైపోయింది. తర్వాత జాగ్రత్తగా చూస్తే అసలు గీతకు పైనా కిందా సన్నని తోడు గీతలు కనిపించాయి. వైబ్రాటో ఆ రూపంలో దాక్కుని ఉంది, నేనే పోల్చుకోలేదు.

విండోను 4096కు తగ్గిస్తే కాలం స్పష్టమైంది, కానీ ఎత్తులో సుమారు 11 హెర్ట్జ్ కన్నా సన్నని తేడా కనిపించడం మానేసింది. 440 దగ్గర 20 సెంట్ల ఊపు అంటే 5 హెర్ట్జే, అది కనిపించదు. దారి హార్మోనిక్‌లలో, అంటే ఒక స్వరంతో పాటే దానికి రెండు, మూడు, నాలుగు రెట్ల ఎత్తులో మోగే స్వరాల్లో దొరికింది. నాలుగో హార్మోనిక్ 1760 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అక్కడ అదే ఊపు నాలుగు రెట్లు, అంటే 20 హెర్ట్జ్. కొమ్ము కాలపు రికార్డుల్లో పై హార్మోనిక్‌లు చాలావరకు పడలేదు గానీ 2000 హెర్ట్జ్ దాకా ఎంతో కొంత మిగిలే ఉంది. మూడో, నాలుగో హార్మోనిక్ వెంట చూడటం మొదలుపెట్టాక అడాజియోలో నా చెవికి వణికిన చోట్లన్నీ బొమ్మలోనూ సన్నగా, చిన్నగా అలలయ్యాయి.

గరగర తీసేసిన "శుభ్రమైన" ట్రాన్స్‌ఫర్లను ఈ పనికి పక్కన పెట్టేశాను. గరగరతో పాటు ఆ పై హార్మోనిక్‌లను కూడా చెరిపేస్తున్నారు. వినడానికి హాయిగా ఉంటుంది కానీ వేలి జాడ అందులోనే పోతుంది. ఇప్పుడు నాకు ఆ గరగర అంటే ఇష్టం ఏర్పడింది. దాని వెనకే మనిషి ఉన్నాడు.

మూడో వారం

ఇంకో మోసం. ఒక డిస్కులో ప్రతి స్వరానికీ నెమ్మదైన, పెద్ద ఊపు కనిపించింది. సెకనుకు ఒకటి, ఒకటిన్నర మధ్య. మొదట సంబరపడ్డాను, తర్వాత చూస్తే ఓపెన్ తీగలు కూడా అలాగే ఊగుతున్నాయి, వెనక పియానో కూడా ఊగుతోంది. పియానో స్వరాన్ని ఎవరూ ఊపలేరు. డిస్కు నడిమి రంధ్రం కాస్త పక్కకు ఉంటే చుట్టుకొక సారి శ్రుతి పైకీ కిందకీ పోతుంది. నిమిషానికి 78 చుట్లంటే సెకనుకు 1.3. లెక్క సరిగ్గా సరిపోయింది. అప్పటినుంచి ప్రతి రికార్డులో ముందు పియానో స్వరాన్ని చూసి, అది నిలకడగా ఉంటేనే వయొలిన్ దగ్గరకు వెళ్తున్నాను.

ఐదో వారం

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వారం ఇది. బ్రామ్స్ హంగేరియన్ డ్యాన్స్ ఒకటో నంబరును వయొలిన్‌కు మార్చింది యోవాహిమే. ఆయన 1903లో వాయించాడు. శిష్యుడు ఔయర్ దాన్నే 1920లో, 75 ఏళ్ళ వయసులో వాయించాడు. ఒకే నొటేషన్, గురువూ శిష్యుడూ, మధ్య 17 ఏళ్ళు.

రెండు ప్రింట్లు తీసి పక్కపక్కన పెట్టుకున్నాను. గుర్తులకు పాతకాలపు వయొలిన్ విద్వాంసుడు లూయీ ష్పోర్ పద్ధతి తీసుకున్నాను. 1830ల మొదట్లో అచ్చైన తన వయొలిన్ బోధినిలో ఆయన వైబ్రాటోను నాలుగు రకాలుగా విడదీసి అలల గీతలతో చూపించాడు: వేగమైనది, నెమ్మదైనది, నెమ్మదిగా మొదలై వేగం పుంజుకునేది, వేగంగా మొదలై నెమ్మదించేది. అసలు ఇన్ని రకాలున్నాయని నాకు ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. నా చేతికి తెలిసింది ఒక్కటే రకం.

ఈ డ్యాన్స్ మొదటి పాట జి తీగ మీద, లోతైన గొంతుతో సాగుతుంది. యోవాహిమ్ అందులో పాట బరువు దిగే స్వరాల మీద వేలు కదుపుతాడు. ఊపు సన్నగా, చురుగ్గా ఉంటుంది, స్వరం అసలు ఎత్తును వదిలిపోదు. మిగతా స్వరాలను బో (వయొలిన్ కమాను) మోస్తుంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వేలు తీగ మీద జారుతూ వెళ్ళడం, అంటే పోర్టమెంటో, వైబ్రాటో కన్నా ఎక్కువ వినిపిస్తుంది. ఈనాటి చెవికి ఆ జారుడు మొదట వింతగా ఉంటుంది. పదోసారి విన్నాక అది పాడే మనిషి గొంతులా అనిపించింది. మనం మాట్లాడేటప్పుడు కూడా ఒక మాట నుంచి ఇంకో మాటకు గొంతు దూకదు కదా, జారుతుంది.

ఔయర్ దగ్గర వైబ్రాటో గుర్తులు కాస్త ఎక్కువయ్యాయి కానీ ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి. 1921లో వచ్చిన తన పుస్తకంలో ఆయన ఆపకుండా వైబ్రాటో వేసే అలవాటును గట్టిగా మందలించాడు. అది చదివి రికార్డు వింటే మాటకూ చేతకూ తేడా లేదు. ఆయనకన్నా చాలా ముందే, 1756లో, లియోపోల్డ్ మోజార్ట్ (స్వరకర్త మోజార్ట్ తండ్రి) ప్రతి స్వరాన్నీ వణికించేవాళ్ళను ఎడతెగని జ్వరం వచ్చినవాళ్ళతో పోల్చాడు. అంటే ఈ అలవాటు కొత్తది కాదు, దీని మీద ఫిర్యాదూ కొత్తది కాదు.

ఆ సాయంత్రమే హైఫెట్జ్ మొదటి విక్టర్ రికార్డుల్లో ఒకటి, 1917 నవంబరులో వాయించిన షూబర్ట్ ఆవే మరియా పెట్టాను. అప్పటికి అతనికి 16 ఏళ్ళు. పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే అలల గీత ఆపడానికి చోటే దొరకలేదు. వేలు తగిలిన క్షణం నుంచే స్వరం సజీవంగా ఉంది, తర్వాతి స్వరంలోకి అలాగే వెళ్ళిపోతోంది. ఆపకుండా వేయొద్దన్న గురువు తరగతిలోంచే ఈ ధ్వని వచ్చింది. అయితే ఒకటి గమనించాను. ఆపకుండా వేసినా హైఫెట్జ్ ఒకేలా వెయ్యడు. పాట పైకెక్కే చోట ఊపు బిగుసుకుంటుంది, దిగే చోట సడలుతుంది. నా రికార్డులో లోపం వైబ్రాటో ఎక్కువ కావడం కాదేమో, అది ఎక్కడా మారకపోవడమేమో. ఈ వాక్యం కింద రెండు గీతలు గీసుకున్నాను.

ఆరో వారం

సరసాతే 1904 రికార్డు, సొంత రచన త్సిగోయ్నర్‌వైజెన్. వాయించేటప్పుడు మధ్యలో ఎవరో మాట్లాడిన మాట కూడా రికార్డులో పడింది, అది సరసాతే గొంతే అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు గగుర్పొడుస్తుంది. 1844లో పుట్టిన మనిషి గది అవతల ఉన్నట్టుంటుంది.

దీన్ని హైఫెట్జ్ 1937లో బార్బిరోలి ఆర్కెస్ట్రా నిర్వహణలో చేసిన రికార్డుతో పోల్చాను. హైఫెట్జ్‌ది మైకు కాలపు రికార్డు. 1925 నుంచి మైకుతో రికార్డు చేయడం వచ్చాక పై హార్మోనిక్‌లు చక్కగా పడ్డాయి కాబట్టి అలలు అచ్చు గుద్దినట్టు కనిపిస్తాయి. ఇక్కడ నన్ను నేనే హెచ్చరించుకోవాల్సి వచ్చింది. 1904 బొమ్మలో అల తక్కువగా కనిపించడానికి కారణం కొంత వేలు, కొంత కొమ్ము. కనుక రెంటినీ ఒకే తక్కెడలో తూచకుండా, సరసాతేను సరసాతేతోనే పోల్చాను. ఒకే రికార్డులో ఏ స్వరం ఊగింది, పక్క స్వరం ఎందుకు ఊగలేదు అన్నదే అడిగాను. అతని ధ్వని తేటగా ఉంటుంది, ఊపు చిన్నది, బో వేగంగా, తేలిగ్గా వెళ్తుంది. మొదట్లో పైకి ఎగసే పరుగుల్లో వేలికి ఆగే తీరికే లేదు, పరుగు చేరుకునే పై స్వరం మీదే ప్రాణం పోస్తాడు.

ఏడో వారం

క్రైస్లర్ రాసిన కప్రీస్ వియెనువాను 1910లో క్రైస్లరే రికార్డు చేశాడు. అతనికన్నా 17 ఏళ్ళు పెద్దవాడైన ఈజాయి 1912లో మొదలైన తన అమెరికా రికార్డింగుల్లో అదే ముక్క వాయించాడు. ఈజాయి దగ్గర ఊపు వెడల్పు స్వరం స్వరానికీ మారుతున్నట్టు నాకు వినిపిస్తుంది, ఒక చోట దాదాపు లేదు, ఇంకో చోట నిండుగా. క్రైస్లర్ దగ్గర వెచ్చదనం ఎక్కడా తెగదు. పాటను మోసే పొడవైన స్వరాలకే కాదు, చిన్న చిన్న స్వరాలకూ వైబ్రాటో పాకించింది క్రైస్లర్ అని అతని సమకాలికుడు కార్ల్ ఫ్లెష్ రాశాడు. ఇప్పుడు మనం వయొలిన్ గొంతు అనుకునేది చాలావరకు ఇతని వేలి నుంచి వచ్చిందే.

ఈ మార్పు ఎందుకు వచ్చిందన్న దాని మీద మార్క్ కాట్జ్ అనే సంగీత చరిత్రకారుడి వాదన నాకు ఆలోచించదగ్గదిగా అనిపించింది. రికార్డింగే దీనికి ఒక కారణం అంటాడాయన. కొమ్ముకు సన్నని ధ్వని సరిగ్గా అందదు, బో గట్టిగా నొక్కితే ధ్వని చెడుతుంది, వైబ్రాటో వేస్తే స్వరం ముందుకొస్తుంది. చిన్న శ్రుతి దోషాలు పదేపదే వినే రికార్డులో బయటపడతాయి, ఊపు వాటిని కప్పుతుంది. పైగా వినేవాడికి వాయించేవాడి ముఖం, ఒళ్ళు కనిపించవు, ఆ లోటు ధ్వనిలోనే తీరాలి. నా అభిప్రాయం: ఒక్క కారణంతో ఇంత పెద్ద మార్పు రాదు, క్రైస్లర్‌ను విని మనసు పారేసుకున్న కుర్రాళ్ళ లెక్క కూడా వెయ్యాలి. కానీ శ్రుతి దోషాన్ని కప్పడం గురించిన మాట మాత్రం నా చేతికి బాగా తెలిసిన నిజం.

తొమ్మిదో వారం

చూడటం అయింది, ఇక వాయించడం. యోవాహిమ్ రొమాన్స్ మొదటి పేజీ తీసుకున్నాను. నియమం ఒకటే, పెన్సిల్ గుర్తున్న స్వరం మీదే వేలు కదలాలి.

మొదటి నాలుగు రోజులూ చాలా టెన్షన్‌గా గడిచాయి. వేలు ఆపగానే నా శ్రుతి బయటపడింది. మూడో వేలు ఎప్పుడూ పిసరంత కిందికే పడుతోందని ఇన్నేళ్ళ తర్వాత తెలిసింది. ఊపు ఆ లోపాన్ని మూసి ఉంచింది. రెండో సంగతి, ఊపు లేని పొడవైన స్వరం నా చేతిలో చచ్చిపోతోంది. మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను.

"ఎడమచెయ్యి ఆపావు సరే, కుడిచెయ్యి ఏం చేస్తోంది?" అని అడిగారు.

"ఏమీ చెయ్యట్లేదండీ, తిన్నగా లాగుతున్నాను."

"అదే మరి. స్వరం మొదట్లో ఒకలా, నడుమ ఒకలా, చివర ఒకలా బో మీద బరువు మార్చు. ముందు ఓపెన్ తీగ మీద పాట పాడించు. అది వచ్చాక వేలు దగ్గరకు రా."

వారం రోజులు ఓపెన్ తీగలే. బో వేగం, బరువు, బ్రిడ్జికి (తీగలను మోసే చెక్కకు) ఎంత దూరంలో లాగుతున్నాను, ఈ మూడింటితో ఒకే స్వరాన్ని ఉబ్బించి, సన్నగిల్లజేసి, మళ్ళీ నింపడం. తర్వాత రొమాన్స్‌కు తిరిగొస్తే ఊపు లేని స్వరాలు నిలబడ్డాయి. వాటి పక్కన ఊపిన ఒక్క స్వరం గదంతా వెలిగించినట్టయింది.

యోవాహిమ్ తరం వాడింది పేగు తీగలు, నా వయొలిన్‌కున్నవి స్టీలూ సింథటిక్‌వీ. పేగు తీగకు బో తగిలినప్పుడు మొదట్లో వచ్చే చిన్న గరుకు ఊపు లేని స్వరానికి కూడా ఒక రుచి ఇస్తుంది. అది నాకు లేదు, బోతోనే సర్దుకోవాలి.

పదకొండో వారం

నా కొత్త రికార్డింగ్‌ను 4096 విండోతో తెరిచి, మూడో హార్మోనిక్ వెంట చూశాను. నా ఊపు సెకనుకు సుమారు ఆరు. అది మొదటి రోజున ఎంతో ఇప్పుడూ అంతే. వెడల్పు మాత్రం మూడు నాలుగు రకాలుగా కనిపిస్తోంది. 1930ల్లో అయోవా యూనివర్సిటీలో కార్ల్ సీషోర్ బృందం గాయకుల ఊపునూ వయొలిన్ వాళ్ళ ఊపునూ కొలిచింది. వేగం రెంటికీ దగ్గరదగ్గరే, వెడల్పు మాత్రం వయొలిన్‌కు దాదాపు సగం. వేగం మార్చడం కన్నా వెడల్పు మార్చడం నాకెందుకు తేలికైందో నాకు అర్థం కాలేదు, చేతికి అలా వచ్చింది. ష్పోర్ చెప్పిన మూడో రకం, నెమ్మదిగా మొదలై పుంజుకునేది, ఇంకా పట్టుబడలేదు. అల మొదలవగానే పూర్తి వేగంలోకి దూకేస్తోంది.

అందుకని రొమాన్స్‌లోని ఒక పొడవైన స్వరాన్ని మళ్ళీ మళ్ళీ విన్నాను. సగం వేగానికి తగ్గించి కూడా విన్నాను. స్వరం తిన్నగా మొదలవుతుంది, బో నింపుతుంది, ఇక చాలు అనుకునే చోట వేలు మెల్లగా కదులుతుంది. అల అప్పటికే నిండి ఉన్న స్వరంలోంచి పుడుతోంది. నేను ఖాళీ స్వరం మీద ఊపు పెట్టి దాన్ని నింపాలని చూస్తున్నాను.

ప్రింటు మీద ఆ స్వరం దగ్గర అలల గీతను చెరిపి, స్వరం నడుమ నుంచి మొదలయ్యేలా మళ్ళీ గీశాను. ఈ రాత్రి ఇరవై సార్లు వాయించాను. పదిహేడోసారి వచ్చింది. ఆ తర్వాత మూడుసార్లు రాలేదు. రేపు మళ్ళీ ఓపెన్ తీగ నుంచి మొదలుపెడతాను.